కాబోయే మావగారి గోధుమపిండి

గుప్పెడు గోధుమపిండి ముద్ద పట్టుకుని నా పెళ్ళి నేనే చెడగొట్టుకోబోయిన వైనం చెబుతాను. నవ్వితే ఏమీ అనుకోను. మా ఇంట్లోవాళ్ళు ఇప్పటికీ నవ్వుతూనే ఉన్నారు.

అప్పట్లో నేను భీమవరంలో రొయ్యల ప్లాంటులో క్వాలిటీ చూసేవాణ్ణి. వచ్చిన ప్రతి సరుకునీ అనుమానించడమే ఉద్యోగం. అనుమానం పెనుభూతమంటారు గానీ నాకది పెంపుడుభూతం, నెలనెలా జీతం కూడా తెచ్చిపెట్టేది.

పాలకొల్లు సంబంధం కుదిరి తాంబూలాలు పుచ్చుకున్నాం. అమ్మాయి సత్యవేణి నాకు తెగ నచ్చేసింది. వాళ్ళ నాన్నగారికి పిండిమర ఉంది. మా నాన్నకి షుగరని తెలిసి, "బావగారు రాత్రుళ్ళు చపాతీ తినాలి కదండీ" అంటూ దగ్గరుండి ఆడించి బస్తాడు గోధుమపిండి పంపారు.

మాది మూడుపూటలా అన్నం తినే ఇల్లు. గోధుమంటే డాక్టరు రాసే మందనే మాకు తెలుసు. ఓ సాయంత్రం అమ్మ పిండి కలిపి, నాన్నకి చపాతీలు కాల్చి, మిగిలిన ముద్ద ఫ్రిజ్‌లో పెట్టింది. మర్నాడు తీస్తే అది బూడిదరంగుకి తిరిగి, పైన నల్లటి చుక్కలతో ఉంది.

"అమ్మా, ఇదేంటి?"

"నిన్నటి పిండేరా. కొంచెం నల్లబడింది."

"కొంచెమా? తవుడు కలిపేశారమ్మా."

"తప్పురా. వియ్యాలవారు అలా చేస్తారా?"

"వియ్యాలవారు కాబట్టే. మనం మొహమాటపడి అడగమని వాళ్ళ ధైర్యం."

నా తెలివి చూశారా? అక్కడితో ఆగలేదు. చిటికెడు ముద్ద మా ప్లాంటు ల్యాబ్‌లో ఇచ్చాను. అక్కడి మేడంగారు రొయ్యలకి చేసే పరీక్షే దానికీ చేసి, "ఇందులో యాంటీబయోటిక్స్ లేవండి" అన్నారు. అవి లేవంటే ఇంకేదో ఉన్నట్టేగా అనుకుని, మిగతా ముద్ద స్టీలు డబ్బాలో పెట్టుకుని బండి మీద పాలకొల్లు పోయాను.

మావగారు మర దగ్గరే ఉన్నారు. నన్ను చూడగానే గబగబా భుజాలు దులుపుకున్నారు. గుమ్మడికాయల దొంగ దొరికేశాడనుకున్నాను. పిండిమర ఆడించే మనిషి భుజాల మీద పిండి కాక పసుపుంటుందా అన్న ఆలోచనే రాలేదు నాకు.

"రండి బాబూ, ఎండనపడి వచ్చారు. మజ్జిగ పుచ్చుకుంటారా?"

"మజ్జిగ తర్వాతండి. ముందు ఇది చూడండి." డబ్బా మూత తీశాను. "మీరు పంపిన పిండే. ఒక్క రాత్రిలో ఇలా అయింది. మా ల్యాబ్‌లో కూడా ఇచ్చాను. అసలు ఇందులో ఏం కలిపారండి?"

పిండి ఆడించుకోడానికొచ్చిన వాళ్ళంతా ఇటు తిరిగారు. ఆయన మర ఆపేశారు.

"తాంబూలాలు వెనక్కి తీసుకుంటారా బాబూ?" అని మెల్లగా అడిగారు.

అంతదూరం నేను ఆలోచించలేదు. గబగబా డబ్బా మూత పెట్టేయబోతే అది జారి కిందపడింది.

ఈలోగా సత్యవేణి లోపల్నుంచి వచ్చింది. డబ్బాలోకి చూసి, నావైపు తిరిగింది.

"మీ ప్లాంటులో రొయ్యలు ఎందుకు నల్లబడతాయండి?"

ప్రాణం లేచొచ్చింది. నాకు తెలిసిన ప్రశ్న అదొక్కటే. "ఎంజైమండి. రొయ్యలోనే ఉంటుంది, ఎవరూ కలపక్కర్లేదు. గాలి తగిలితే నల్లమచ్చలు తెస్తుంది. ఐసులో పెడితే కాస్త నెమ్మదిస్తుంది గానీ బొత్తిగా మానదు. కల్తీ ఏమోనని అనుమానపడే తెలివితక్కువవాళ్ళకి రోజూ నేనే..."

అక్కడ ఆగిపోయాను.

"గోధుమపొట్టులోనూ అలాంటిదే ఉంటుందండి" అంది తను. "నీళ్ళు పోసి కలిపాక పని మొదలెడుతుంది. కోసిన వంకాయ నల్లబడితే మీ అమ్మగారు కూరలబ్బాయితో దెబ్బలాడతారా?"

సిగ్గుతో చచ్చిపోయాను. మావగారి కాళ్ళమీద పడ్డాను. లేచేసరికి నా నెత్తినిండా పిండి. ఆయన నవ్వేశారు గానీ, సత్యవేణి నవ్వలేదు.

"పిండి రంగు మారితేనే ల్యాబ్‌కి పంపించారు. రేపు నా జుట్టు తెల్లబడితే ఎక్కడికి పంపిస్తారండి?"

"ఎక్కడికీ పంపనండి. నేనే కూర్చుని రంగేస్తాను."

అప్పుడు నవ్వింది. ముహూర్తం నిలబడింది.

అంచేత పాఠకుల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: రంగు మారిందని ఈ జన్మలో దేన్నీ, ఎవర్నీ నిలదీయను. మొన్న మా ఆవిడ పాపిట్లో మొదటి తెల్లవెంట్రుక కనపడింది. ఏమీ చూడనట్టే వంటింట్లోకెళ్ళి చపాతీపిండి కలుపుతూ కూర్చున్నాను.