నా కథలో మా అత్త

ఏటా జనగామలో ఒక ఫంక్షన్ హాల్లో దాతల సభ జరుగుతుంది. మొగుడి దెబ్బలకో, ఇంకో కష్టానికో ఇల్లు విడిచి వచ్చిన ఆడవాళ్లకు నీడనిచ్చి పని నేర్పించే ఒక వసతి గృహం కోసం ఆ సభ. మానుకోట నుంచి, భూపాలపల్లి నుంచి కూడా పెద్దమనుషులు వస్తారు. కుర్చీలకు తెల్లగుడ్డలు తొడిగి వెనక సిల్కు ముడులు వేస్తారు. భోజనాలకు ముందు ఆ గృహంలో బాగుపడ్డ ఒకామెను స్టేజీ ఎక్కించి ఆమె కథ చెప్పిస్తారు, దాన్ని వీడియో తీసి ఫోన్లలో పంచుతారు. చాలా ఏళ్లుగా ఆ ఒకామె నేనే. కుట్టుమిషన్ షాపు పెట్టుకుని నిలదొక్కుకున్నాను, ఏడుపు ఆపుకుంటూ మాట్లాడటం నేర్చుకున్నాను. నాకన్నా మంచి సరుకు వాళ్లకెక్కడ దొరుకుతుంది?

కథ ఇది. దంతాలపల్లి దగ్గర మా తండా. మొగుడు తాగొచ్చి కొట్టేవాడు. ఒకరోజు తెల్లవారకముందే పాపను చంకనేసుకుని బయటపడి, మానుకోటలోని ఆ గృహం చేరాను. ఇంతవరకు నిజమే. ఒక్కదాన్నే వచ్చానని స్టేజీ మీద చెప్పింది మాత్రం అబద్ధం. నన్ను నిద్ర లేపింది మా అత్త. పాపకు స్వెటర్ తొడిగింది, పక్క తండా దాకా నాతో నడిచి ఆటో ఎక్కించింది. కాళ్ల కడియాలు చప్పుడు చేస్తే కొడుకు లేస్తాడని వాటికి గుడ్డపేలికలు చుట్టుకుంది. "మల్ల రాకు బిడ్డా. నేను పిలిచినా రాకు" అంది.

మొదటి ఏడు స్టేజీ మీద ఈ సంగతి కావాలనే దాచాను. తెలిస్తే వాడు తల్లని కూడా చూడడు. "మీ అత్త అడ్డుపడలేదా?" అని సభ నడిపే యాంకరమ్మ అడిగితే తల వంచుకున్నాను. "చూశారా, సాటి ఆడది కూడా కనికరించలేదు!" అందామె. హాలంతా అయ్యో అంది. మరుసటి ఏడు ఆ మాట నేనే అన్నాను. ఆ తర్వాతి ఏడు నా కథలో మా అత్త తలుపుకు బయట గొళ్లెం పెట్టింది. ఇంకో ఏడు పాపకు పాలు కూడా ఇవ్వనియ్యలేదు. జాకెట్టుకు లేసు కుట్టినట్టు ఏటా కొంచెం కుట్టుకుంటూ పోయాను. పాల మాట దగ్గర ముందు వరుస ఆడవాళ్లు కళ్లు తుడుచుకునేవాళ్లు. సిగ్గు విడిచి చెప్తున్నాను, అది చూస్తే నాకు కడుపు నిండేది.

రెండేళ్ల కింద నా మొగుడు తాగి తాగి చనిపోయాడు. అప్పటినుంచి అత్త దగ్గరికి పోయి వస్తున్నాను. చీరలు పెడతాను, మందులు తీసుకెళ్తాను. కథ మాత్రం మార్చలేదు.

ఈసారి సరిగ్గా సభ రోజునే అత్త కంటి దవాఖానకని జనగామ వచ్చి నా షాపులో దిగింది. నేను పట్టుచీర కట్టుకోవడం చూసి, సంగతేందో అడిగి, "నేను గూడ వస్త" అంది. వద్దనడానికి నోరు రాలేదు. తీసుకెళ్లి నా పక్కనే కూర్చోబెట్టుకున్నాను. ఈమె ముందు గొళ్లెం మాట, పాల మాట ఎట్లా చెప్పాలి? చెప్పకపోతే యాంకరమ్మ అడిగి మరీ చెప్పిస్తుంది.

నా పరేషాన్ కనిపెట్టిందేమో, అత్త మా లంబాడి మాటలో నా చెవి దగ్గర అంది. "భయపడకు. నీ వీడియోలు తండాల అందరం చూసినం."

"అత్తా, అది..."

"మంచిగనే చెప్పినవ్. నేనే నిన్ను పంపిచ్చిన అని వానికి అనుమానం ఉండె. ఫోన్ల నీ మాటలు ఇన్నంక ఆ అనుమానం పోయింది. మల్ల నా మీద చెయ్యెత్తలే."

హమ్మయ్య అనుకున్నాను. ఆ ఊపిరి పూర్తిగా వదలకముందే ఆమె మళ్లీ అంది.

"మరి వాడు పోయినంక గూడ గదే చెప్పినవ్ గదా. ఎవలికి భయపడి?"

కోపంగా అడగలేదు. తెలుసుకుందామని అడిగింది. ఇంతలో స్టేజీ మీద నుంచి పిలుపు వచ్చింది.

వెళ్లి ఉన్నదున్నట్టు చెప్పాను. స్వెటర్ చెప్పాను, ఆటో చెప్పాను, కడియాలకు చుట్టిన గుడ్డపేలికలు చెప్పాను. "మా అత్త గురించి ఇన్నేళ్లూ నేను చెప్పింది అబద్ధం. నన్ను బతికించిందే ఆమె. అదిగో, అక్కడ కూర్చుంది" అన్నాను. ఎవరూ కళ్లు తుడుచుకోలేదు. యాంకరమ్మ నా చేతిలోంచి మైకు తీసుకుంది.

"చూశారా! అంత ఏడిపించిన అత్తను కూడా క్షమించి, ఆమె పరువు కోసం తప్పు తన మీద వేసుకుంటోంది. ఎంత పెద్ద మనసు!"

హాలంతా లేచి చప్పట్లు కొట్టింది. అంత పెద్ద చప్పట్లు నాకు ఏనాడూ రాలేదు. అత్త పక్కన కూర్చున్నామె మాత్రం అత్తను ఎగాదిగా చూసి, తన కుర్చీ కొంచెం అవతలికి జరుపుకుంది. యాంకరమ్మ పుస్తకాల తెలుగు అత్తకు ఎంత అందిందో తెలియదు. అందరితో పాటు తనూ లేచి నాకు చప్పట్లు కొడుతోంది.

మైకు మళ్లీ ఇమ్మని అడగాలి. అడుగుదామనే అటు తిరిగాను. ఈలోపే నా చేతులు, ఏటా అలవాటైన చేతులు, సభకు దండం పెట్టేశాయి.