తొమ్మిదో తరగతిలో మేస్త్రమ్మ

ఇప్పుడా హైస్కూలుకు పై అంతస్తు, సైన్సు గది, పెద్ద హాలు అన్నీ ఉన్నాయి. అక్కడ చదివి గొప్పవాళ్లయినవాళ్ల ఫొటోలు హాలు నిండా వేలాడుతున్నాయి. మేస్త్రమ్మ ఫొటో మాత్రం లేదు. లేకపోతే పోయింది గానీ, ఆవిడే లేకపోతే వీళ్లకు ఫొటోలు తగిలించుకోవడానికి ఆ గోడ కూడా ఉండేది కాదు.

తాపీమేస్త్రి భార్య కాబట్టి మేస్త్రమ్మ. ఆవిడ చిన్నప్పుడు ఊళ్లో ఎనిమిది దాకానే చదువు. ఆపైన చదవాలంటే బస్సెక్కి పొరుగూరు పోవాలి. ఆడపిల్లను ఎవరు పంపుతారు? ఎనిమిది పాసై చదువుకు నీళ్లొదిలింది. తన కూతురు ఎనిమిది దాటే వేళకు హైస్కూలు మంజూరైంది. ఆ గదులకు ఇటుకలందించిందీ, సిమెంటు కలిపిందీ ఆవిడే. కూతురి కోసమే కడుతున్నట్టు కట్టింది.

తీరా బడి తెరిచాక అసలు చిక్కు వచ్చిపడింది. తొమ్మిదిలో నలభైమంది లేకపోతే హైస్కూలు రద్దన్నారు పైవాళ్లు. హెడ్మాస్టరు గడప గడపా ఎక్కి దిగినా ఒకరు తక్కువే. వరండాకు సున్నం వేస్తున్న మేస్త్రమ్మ నిచ్చెన మీదనుంచే అడిగింది.

"సార్, వయసు అడ్డమా?"

"ఎవరికమ్మా?"

"నాకే. ఎనిమిది పాసయ్యానుగా!"

అడ్డమని ఏ రూల్లోనూ లేదు. "మంచిదే, ఇద్దరికీ ఒక్క సెట్టు పుస్తకాలు చాలు" అని మేస్త్రి నవ్వాడు. కూతురు మాత్రం నవ్వలేదు.

"క్లాసులో నా పక్కన కూర్చోకు. నన్ను పిలవకు కూడా" అంది.

ఆ మాట ముల్లులా గుచ్చుకుంది. అయినా మేస్త్రమ్మ వెళ్లి వెనక బెంచీలో కూర్చుంది. రోజూ కూర్చుంది.

ఓ పూట తనిఖీకి అధికారి వచ్చాడు. తలలు లెక్కపెడుతూ వెనక బెంచీ దగ్గర ఆగిపోయాడు.

"మీరెవరమ్మా? లెక్క సరిపెట్టడానికి తెచ్చి కూర్చోబెట్టారా?"

హెడ్మాస్టరు ముఖంలో నెత్తురుచుక్క లేదు. మేస్త్రమ్మ లేచి నిలబడింది. కాదందామంటే, ఆయనన్నది నిజమే మరి! తన ఒక్క తల కొట్టేస్తే అంత బడీ మూతబడుతుంది.

అప్పుడు ముందు బెంచీలోంచి కూతురు లేచింది.

"మా అమ్మ సార్. మా క్లాసే. ఒక్కరోజు కూడా మానదు. మొన్న లెక్కల పరీక్షలో నేనూ అమ్మా కలిసే తప్పాం."

క్లాసంతా గొల్లుమంది. అధికారి కూడా నవ్వాపుకోలేకపోయాడు. ఆ గోలలో మేస్త్రమ్మకు వినబడింది ఒక్కటే, మా అమ్మ అన్న మాట. కళ్లు చెమర్చాయి, తల మాత్రం దించుకోలేదు. ఆ క్షణాన ఆవిడంత గర్వంగా ఊళ్లో ఇంకెవరూ లేరు.

హైస్కూలు ఖాయమైంది. ఉత్తర్వు చేతికందిన రోజు హెడ్మాస్టరు క్లాసుకొచ్చి రెండు చేతులూ జోడించాడు.

"గండం గట్టెక్కించారమ్మా. ఇక మీరు రోజూ రానక్కర్లేదు. హాయిగా మీ పని చూసుకోండి."

మేస్త్రమ్మ లెక్కల పుస్తకం తెరిచి బల్ల మీద పెట్టుకుంది.

"హాజరు పిలవండి సార్. గంట కొట్టి చాలాసేపయింది."