మా కోడలి ఎడమకాలు

అత్త లేని కోడలు ఉత్తమురాలు, కోడలు లేని అత్త గుణవంతురాలు అంటారు. ఆ లెక్కన మా ఇంట్లో ఉత్తమురాలూ లేదు, గుణవంతురాలూ లేదు. నాకు నోరెక్కువ, దానికి మొండితనం ఎక్కువ. నేను పది మాటలంటే తను ఒక్కటీ అనదు, చివరికి తను అనుకున్నదే చేస్తుంది. అలాంటి కోడలి గురించి నేను నోరారా మంచి చెబుతున్నానంటే సంగతి మామూలుది కాదని మీరే అర్థం చేసుకోండి.

తనది పశువుల ఆసుపత్రిలో సూదులు వేసే ఉద్యోగం. కొండ మీద ఒకదానికొకటి దూరంగా పశువుల పాకలున్నాయి. ఐసు వేసిన మందుపెట్టె బండి వెనక కట్టుకుని, మోకాళ్ళ దాకా రబ్బరు బూట్లు తొడుక్కుని, పొద్దున్నే ఆ పాకలన్నీ తిరిగి వస్తుంది. అక్కడివాళ్ళు సూదమ్మ అని పిలుస్తారు. నేనేమో ఇంటి ముందుగదిలో కుట్టుమిషను పెట్టుకున్నదాన్ని. నాదీ సూదే, దానిదీ సూదే. కాకపోతే నా సూది గుచ్చుకున్న గుడ్డ ఎదురు తిరిగి తన్నదు.

ఆవు తన్నినా బాగుండేది. తన్నింది బండి. వానలకు కొట్టుకొచ్చిన కంకర మీద మలుపులో చక్రం జారి, బండి మొత్తం తన ఎడమ పాదం మీద పడింది. చీలమండ నుజ్జునుజ్జయింది. పెద్దాసుపత్రిలో ఎముకలన్నీ ఒకచోట చేర్చి మరలు బిగించారు. "నడుస్తుందమ్మా, పని చేసుకుంటుంది. కానీ ఆ కీలు ఇక కదలదు. పాదం ఎలా ఉందో అలాగే ఉండిపోతుంది" అన్నాడు ఎముకల డాక్టరు. పాదం, పిక్క కలిసి ఒకే ముక్క అయిపోయాయన్నమాట.

కర్ర వదిలేసి నడవడం మొదలుపెట్టాక పశువుల డాక్టరు ఇంటికొచ్చాడు. మంచివాడే పాపం. కుర్చీ అంచున కూర్చుని, మంచినీళ్ళు తాగి, నెమ్మదిగా చెప్పాడు. కొండ దారికి బండి నడిపే మనిషే కావాలి. నెలాఖరులోగా వెనక బరువుతో కొండెక్కి చూపిస్తే ఉద్యోగం పాతదే. లేదంటే ఆఫీసులో స్టోరు గది చూసుకోవాలి. జీతంలో తేడా ఏమీ ఉండదు.

"ఇంకేం, చల్లగా నీడపట్టున కూర్చో" అన్నాను నేను, ఆయన గుమ్మం దాటగానే.

"సీసాలు సర్దుకుంటూ కూర్చోనా అత్తయ్యా? ఆ సీసాలకి నేనెవరో తెలీదు. పైన ఒక్కో గొడ్డుకీ నా చెయ్యి తెలుసు" అంది. అని కళ్ళు తుడుచుకుంది. కాలు విరిగినప్పుడు కూడా ఏడవని మనిషి అలా ఏడ్చేసరికి నా నోరు మూతపడింది.

మా ఊళ్ళో నా నోరు మూతపడిన రోజులు తక్కువ.

గేర్లు లేని స్కూటరు కొనుక్కోవచ్చు కదా అని మీరనొచ్చు. మేమూ అనుకున్నాం. ఆ చిన్న చక్రాలు కొండ రాళ్ళలో నాలుగు బారలు కూడా పోవు. పెద్ద బండే నడపాలి, దానికి ఎడమకాలితోనే గేర్లు మార్చాలి.

మా అబ్బాయి మెకానిక్కు. ఇంటి పక్కనే రేకుల షెడ్డు. పెళ్ళానికి ఇంత కష్టమొస్తే తన చేతిలో పనే కదా అని స్పానరు పట్టుకుని కూర్చున్నాడు. ఆ బండికి గేరు లీవరు ఎక్కుడుదిగుడు బల్లలా ఉంటుంది. కాలు ఆనించే ఫుట్‌రెస్టుకి ముందొక పలక, వెనకొక పలక. ముందు వేళ్ళతో తొక్కితే గేరు పెరుగుతుంది, వెనక మడమతో తొక్కితే తగ్గుతుంది. లీవరు ఒక పళ్ళ కడ్డీకి తగిలించి ఉంటుంది. బోల్టు వదులు చేసి, లాగి, ఒక పన్ను పైకో కిందికో జరిపి మళ్ళీ బిగించొచ్చు. పొడుగువాళ్ళకీ పొట్టివాళ్ళకీ వాడలా ఎన్ని బళ్ళకు చేశాడో లెక్కలేదు.

వేళ్ళకి అందడం లేదని ముందు పలక కిందికి దించాడు. ముందుది దిగితే వెనకది లేచింది, మడమ దానిపైకి ఎక్కలేదు. వెనకది దించాడు, ముందుది లేచి కూర్చుంది. దించడం, ఎత్తడం, దించడం. కోడలు ప్రతిసారీ బండెక్కి వీధి చివరిదాకా వెళ్ళేది. గేరు మార్చాలంటే కాలు మొత్తం ఫుట్‌రెస్టు మీంచి ఎత్తి, బురద తొక్కినట్టు తొక్కాలి. కాలు గాల్లోకి లేవగానే బండి పక్కకి లాగేది. ఎదురింటి గోడకి రెండుసార్లు గుద్దింది. ఆ ఇంటావిడ మా గుమ్మంలోకొచ్చి, "మా గోడేం పాపం చేసిందమ్మా?" అని అడిగి వెళ్ళింది.

"నీ చేతిలో ఏం లేదురా, ఊరుకో" అన్నాను వాడితో.

"నువ్వూరుకోమ్మా" అన్నాడు.

నెల కరిగిపోతోంది. ఒక మధ్యాహ్నం నేను దారపు ఉండల కోసం బజారుకెళ్ళి వస్తుంటే, ముందుగదిలోంచి నా మిషను చప్పుడు వినిపించింది. నా మిషను ఎవరూ ముట్టుకోకూడదు. అది ఈ ఇంట్లో చట్టం. గేటు దగ్గరనుంచే మొదలుపెట్టాను. "ఎవరే అది? నా సూది విరిచారంటే వేళ్ళు విరుస్తాను!" అంటూ చెప్పులతోనే లోపలికొచ్చాను.

కోడలు మిషను ముందు కూర్చుంది. మందుపెట్టె మీది కాన్వాసు ముసుగు చిరిగితే కుట్టుకుంటోంది. కుడికాలు వెనక్కి మడిచింది. తొక్కుడు పలక మీద ఎడమకాలు ఒక్కటే ఉంది. మిషను జరజరా తిరుగుతోంది.

తిట్టడానికి నోరు తెరిచాను. అంతలో నా చూపు ఆ ఎడమకాలి మీద పడింది.

ఇన్నేళ్ళుగా నేనా పలక తొక్కుతున్నాను. చీలమండ ఆడితే పలక ఆడుతుందనే నాకు తెలుసు. దీని చీలమండ రాయి. మరి పలక ఎలా ఆడుతోంది? వంగి చూశాను. తన మోకాలు ముందుకి జరుగుతోంది, వేళ్ళ వైపు పలక దిగుతోంది. మోకాలు వెనక్కి జరుగుతోంది, మడమ వైపు పలక దిగుతోంది. కాలు పలక మీంచి లేవడం లేదు. అంత పెద్ద మిషనుని మోకాలు బెత్తెడు మేర ఊపి నడిపిస్తోంది. కుట్టు చూస్తే నా కుట్టంత తిన్నగా ఉంది.

"ముసుగు చిరిగింది అత్తయ్యా, మీరు లేరని..." అంటూ లేవబోయింది.

"లేచావంటే చంపేస్తాను. తొక్కు" అన్నాను. ఈ కాలికి మళ్ళీ ఎలా తొక్కాలో ఎవరు నేర్పారు? ఎవరూ నేర్పలేదు. మేమంతా స్పానరు పట్టుకుని కొట్టుకుంటుంటే, తనకే తెలియకుండా తన ఒళ్ళు దారి వెతుక్కుంది. "ఒరేయ్! చేతిలో ఏదున్నా పారేసి రా!" అని షెడ్డు వైపు అరిచాను.

వాడు గ్రీసు చేతులతోనే వచ్చి నేల మీద చతికిలబడ్డాడు. పలకనీ, పాదాన్నీ వంగి చూశాడు. తర్వాత చెయ్యి చాపి ఆ మోకాలిని ముట్టుకున్నాడు, నల్లటి మరక పడింది.

"ఇన్నాళ్ళూ నేను చీలమండకి లీవరు పెడుతున్నానమ్మా" అన్నాడు. "అది లేదు కదా!"

ఆ సాయంత్రమే లీవరు ఊడదీసి, మంటలో ఎర్రగా కాల్చి వంచాడు. ఈసారి రెండు పలకలూ కిందికే దిగాయి. పాదం ఫుట్‌రెస్టు మీద ఆనిస్తే, పాదానికీ పలకలకీ మధ్య ముందొక వేలు సందు, వెనకొక వేలు సందు. మోకాలు టాంకుకి తగలకుండా ఫుట్‌రెస్టుని కొంచెం వెనక్కి జరిపాడు. కోడలు ఎక్కి కూర్చుని, మోకాలు ముందుకి వంచింది. టక్. వెనక్కి లాగింది. టక్. మేం ముగ్గురం ఒకరి మొహాలొకరు చూసుకుని పిచ్చివాళ్ళలా నవ్వాం.

మర్నాడు పొద్దున రబ్బరు బూట్లు తొడుక్కుని ఎక్కితే, కూర్చోగానే గేరు దానంతటదే పడింది. మహానుభావుడు కొలతంతా చెప్పుల మీద తీశాడు!

"స్వెటరు వేసుకునేవాడికి కోటు కుట్టాలంటే స్వెటరు మీదే టేపు పెట్టాలిరా. నా కడుపున పుట్టి ఆమాత్రం తెలీదా?" అని కడిగేశాను. వాడు కిక్కురుమనకుండా బూట్లకి సరిపడా మళ్ళీ వంచాడు. తను కూర్చునే తీరు మారింది కాబట్టి కుడికాలు బ్రేకు మీద ఊరికే ఆనుకుంటోంది, వెనక ఎర్రలైటు ఆరకుండా వెలుగుతోంది. ఆ బ్రేకునీ దించి, రాడ్డు వదులు చేసి, లైటు స్విచ్చు సరిచేశాడు. ఇక మిగిలింది కొండ.

చెప్పిన రోజున మేం ముగ్గురం కొండ కింద చెక్‌పోస్టు దగ్గరికి వెళితే, పశువుల డాక్టరు జీపులో వచ్చాడు. వంగి లీవరు చూశాడు, కోడలి కాలు చూశాడు, పెదవి విరిచాడు. "ఇది పని చేస్తుందా అమ్మా?" అన్నాడు. వెనక బరువు కింద తన అటెండరుని కూర్చోమన్నాడు. ఆ మహారాజు దారి వైపు ఒకసారి చూసి, నాకు కళ్ళు తిరుగుతాయి సార్ అన్నాడు.

"బరువే కదా కావాలి? నాకంటే బరువు ఈ చుట్టుపక్కల ఏముంది?" అని నేనే ఎక్కి కూర్చున్నాను. మా అబ్బాయి మొహంలో నెత్తురుచుక్క లేదు. నిజం చెప్పొద్దూ, నాకూ భయమే. కోడలు పెళ్ళయి వచ్చిన ఇన్నేళ్ళలో తన వెనక బండెక్కడం అదే మొదటిసారి.

"గట్టిగా పట్టుకోండి అత్తయ్యా."

మొదటి మలుపు రాకముందే కళ్ళు మూసుకున్నాను. గేరు పడినప్పుడు కుదుపు వస్తుందని ఒళ్ళు బిగబట్టుకుని కూర్చున్నాను. కుదుపు రాలేదు. రెండో మలుపు కూడా దాటిపోయింది. "ఏమే, గేరు మార్చవేం?" అని వీపు మీద అరిచాను.

"ఎన్నోసార్లు మార్చానత్తయ్యా!" అంది.

అప్పుడు కళ్ళు తెరిచి, తన భుజం మీంచి కిందికి చూశాను. మోకాలు కదులుతోంది. మలుపు దగ్గరికి రాగానే కొంచెం వెనక్కి జరిగేది, ఇంజను గొంతు మారేది, బండి వంగి తిరిగేది. మలుపు దాటగానే మోకాలు ముందుకి వంగేది. ఎవరైనా పక్కన నిలబడి చూస్తే కదిలిందనే అనుకోరు. ఒక పక్క లోయ, ఒక పక్క రాయి, మధ్యలో అడుగడుగునా గుంటలు. నన్నూ, ఆ పెట్టెనీ, అంత ఇనుమునీ ఆ బెత్తెడు కదలిక మోసుకుపోతోంది.

నిటారు మలుపులో దారికడ్డంగా ఒక ఆవు నిలబడి ఉంది. నా పై ప్రాణాలు పైనే పోయాయి. కోడలు బండి ఆపింది. ఆ ఏటవాలులో, వెనక్కి ఒక్క బెత్తెడు కూడా జారనివ్వకుండా ఆపి, "హే, జరుగమ్మా" అంది ఇంట్లో మనిషితో అన్నట్టు. ఆవు తాపీగా జరిగింది. తను మళ్ళీ కదిలించింది. వెనకే వస్తున్న డాక్టరు జీపు మాత్రం అదే మలుపులో ఆగిపోయి, రెండుసార్లు వెనక్కి జారి, పొగ కక్కి గానీ రాలేదు.

ఎంతమందికి కొలతలు తీశాను, ఎన్ని చేతులు, ఎన్ని నడుములు! మనిషి ఒంటి గురించి నాకు తెలియనిది లేదనుకునేదాన్ని. ఆ వీపుకి చెంప ఆనించుకుని కూర్చుని, నాకేమీ తెలియదని ఒప్పుకున్నాను. భయంతో కాదు, కళ్ళవెంట నీళ్ళు వాటంతటవే కారుతున్నాయి.

పైన మొదటి పాక ముందు ఆగీ ఆగకముందే ఒక ముసలావిడ పరిగెత్తుకొచ్చింది. "ఏమైపోయావే సూదమ్మా? నువ్వు రాకపోతే ఇంకెవరూ రాలేదే!" అని తన చెయ్యి పట్టుకుని పాకలోకి లాక్కుపోయింది. జీపు వచ్చేసరికి కోడలు ఒక దూడ మెడ నిమురుతోంది, రెండోచేతిలో సూది సిద్ధంగా ఉంది.

డాక్టరు చెమట తుడుచుకుంటూ ఆ లీవరుని ఈసారి గొంతుక్కూర్చుని చూశాడు. "నేనే ఇంత బాగా ఎక్కలేకపోయాను. రేపట్నుంచి వచ్చెయ్యమ్మా" అన్నాడు.

"రేపెందుకు సార్? ఐసు వేసి పెట్టె తెచ్చాను. పైన పాకలు కూడా చూసేసి వస్తా, లేకపోతే మందు పాడైపోతుంది" అంది కోడలు. నా వైపు తిరిగి, "మీరు సార్‌తో జీపులో దిగిపోండత్తయ్యా. అన్నం వండే పని పెట్టుకోకండి, నేనొచ్చి చేస్తా" అని కిక్కు కొట్టింది. చూస్తుండగానే బండ చాటుకి వెళ్ళిపోయింది.

డాక్టరు జీపు తలుపు తీసి పట్టుకున్నాడు. నేను కదల్లేదు. అక్కణ్ణుంచి దారి కనిపించదు, చప్పుడు ఒక్కటే వినిపిస్తుంది. ఇంజను గొంతు తగ్గింది, మలుపు. మళ్ళీ హెచ్చింది, దాటేసింది. ఇంకా పైకి, ఇంకో మలుపు. నేను నిలబడ్డచోటే నా ఎడమ మోకాలు ముందుకి, వెనక్కి కదులుతోంది.

"ఏమైందమ్మా, కాలు పట్టేసిందా?" అన్నాడు డాక్టరు.

"ఉండండి సార్, మాట్లాడకండి" అన్నాను. "మలుపొస్తోంది."