గోబర్ గ్యాస్ మేస్త్రి చౌడేశ్వరి

తొంభైల్లో పాకాల చుట్టుపక్కల ఊళ్లకు గోబర్ గ్యాస్ పథకం వచ్చేనాటికి చౌడేశ్వరి ఇటుకలు మోసే కూలి. మేస్త్రీలు చాలక ఆడవాళ్లకూ పని నేర్పుతామంటే తాపీ పట్టింది. ఆడది కట్టిన గ్యాసు గుంత నిలుస్తుందా అని నవ్వినవాళ్ల ఇళ్లలోనే కొన్నాళ్లకు ఆమె కట్టిన గుంతల గ్యాసుతో పొయ్యిలు వెలిగాయి.

ఆమె గుంత కట్టిచ్చిన జయరామయ్య అనే రైతు ఇంట్లో గ్యాసు రావడం లేదని కబురొస్తే వెళ్లింది. లోపల పేడ గడ్డకట్టింది. పైపైన తోడించి, ఎవరూ దిగొద్దని గట్టిగా చెప్పి, పార కోసం కొట్టంలోకి పోయింది. తిరిగొచ్చేసరికి, మిగతా పేడ తోడుదామని దిగిన జయరామయ్య కొడుకు హేమచంద్ర గుంతలో గోడకానుకొని కూలబడి ఉన్నాడు. ఉలుకూ పలుకూ లేదు.

జయరామయ్య పంచె ఎగ్గట్టి దూకబోయాడు. చౌడేశ్వరి నడుం పట్టి వెనక్కి లాగింది.

"ఇడ్సు! నా కొడుకు సచ్చిపోతాండాడు!"

"దిగితే నువ్వుగూడా పోతావు నాయనా! ఆడ గాలి లేదు. మోకులు తే!"

"నీ గుంతే గదే వాణ్ణి మింగింది!" అంటూ తల్లి ఆనందమ్మ ఆమె జుట్టు పట్టుకుంది.

చౌడేశ్వరి విడిపించుకుంది. వేపమండలు విరిచి మోకుకు కట్టి, గుంతలోకి దించుతూ లాగుతూ గాలి ఆడించింది. పాత బావిలో దిగేముందు తన నాయన అట్లాగే చేసేవాడు. చాలిందో లేదో తెలియదు. ఇక ఆగితే లాభం లేదనిపించి, ఇంకో మోకు నడుముకు బిగించి, కొసను జయరామయ్య చేతికిచ్చింది.

"నేను కదలకపోతే లాగేయండి."

ఊపిరి బిగబట్టి దిగింది. మండలు తీసేసిన మోకును హేమచంద్ర చంకల కింద చుట్టింది. ముడి జారింది. చెవులు హోరెత్తుతున్నాయి. మళ్లీ వేసి, మోకు గుంజింది. ఆలుమగలు ముందు అతణ్ణి, వెంటనే ఆమెను పైకి లాగారు.

వాకిట్లో పడుకోబెట్టాక చాలాసేపటికి అతడు దగ్గాడు. ఆ దగ్గు విన్నాకే ఆమె నడుముకున్న మోకు విప్పుకుంది.

హేమచంద్ర బతికాడు. కానీ ఆ గుంతలు మనుషుల్ని మింగుతాయని మాట పాకిపోయింది. కట్టించుకుంటామన్నవాళ్లు వెనక్కి తగ్గారు. ఆ ఎండాకాలమంతా ఆమె మళ్లీ ఇటుకలు మోసింది.

వానలు పడ్డాక ఆనందమ్మే వెతుక్కుంటూ వచ్చింది.

"కట్టెలన్నీ తడిసిపోయినాయి మేస్త్రమ్మా. మా గుంత బాగుజేస్తావా?" అంది, మొహంలోకి చూడలేక.

"జేస్తా. అయితే ఊరోళ్లందర్నీ పిలిపించు. గుంతలోకి యాల దిగగూడదో, దిగితే ఏమైతాదో అందరి ముందరా సెప్తా."

ఆమె చెప్పింది, జనం విన్నారు. అందరూ వెళ్లాక తిరుమలయ్య అనే రైతు ఆగి, తమ పశువుల కొట్టం వెనక జాగా చూసిపొమ్మన్నాడు. చౌడేశ్వరి అప్పుడే వెళ్లి చూసి, కొత్త గుంత కొలతకు సున్నంతో ముగ్గు పోసి వచ్చింది.