చెయ్యి వదులు చేసుకున్న మనిషి

మొన్న హన్మకొండలో ఒక పెళ్లికి వెళ్తే, మండపంలో కొత్త జంపఖానా విప్పి పరుస్తున్నారు. పచ్చి నూలు, రంగు కలిసిన ఆ వాసన ముక్కుకు తగలగానే అక్కడే నిలబడిపోయాను. భోజనానికి ఎవరో పిలుస్తున్నా వినబడలేదు. యాకూబ్ ఒంటి వాసన అది. ఆయన్ని మీరెవరూ చూసి ఉండరు. చూసినా గుర్తుండేంతగా మాట్లాడే మనిషి కాదు.

డెబ్బైల నడిమి మాట. నాకు ఇరవై దాటాయి. కొత్తవాడలో మాకు జంపఖానా మగ్గం ఉండేది. పనంటే నాకు ఒళ్లు బరువు, తల దువ్వుకుని మ్యాట్నీకి పోవడమంటే ఎక్కడలేని హుషారు. నాన్న విసిగిపోయి నన్ను యాకూబ్ పక్కన కూర్చోబెట్టాడు. పెద్ద జంపఖానాను ఇద్దరు ఒకే పలక మీద కూర్చుని చెరో సగం నేస్తారు. పోగు వేసి, పంజా అనే ఇనుప దువ్వెనతో కొట్టి బిగించాలి. యాకూబ్ నాకంటే కొన్నేళ్లు పెద్ద, గట్టి నేతకు పేరున్నవాడు. నేను పొద్దంతా వాగుతుంటే ఆయన మధ్యాహ్నానికి ఒక మాట అనేవాడు.

"జర నోటికి గూడ సెలవియ్యి రాజేశం."

"నోరాగితే చెయ్యి గూడ ఆగుతది భాయ్."

నవ్వు ఆపుకోవడానికి పోగు కొరికేవాడు. ఆ నవ్వు చూడటానికే నేను సినిమాలు ఎగ్గొట్టి మగ్గం మీదకి రావడం మొదలుపెట్టాను.

ఒక వానాకాలం నా వేలు తెగితే తన రుమాలు చింపి కట్టు కట్టాడు. కట్టడం అయ్యాక కూడా చెయ్యి వదల్లేదు. నేనూ లాక్కోలేదు. ఆ రోజు నుంచి భాయ్ అనడం మానేసి ఉత్త యాకూబ్ అన్నాను. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. శుక్రవారం నమాజు అయ్యాక ఇద్దరం ఖిలాకు పోయి, పడిపోయిన రాళ్ల నడుమ కూర్చునేవాళ్లం. ప్రేమించాను ఆయన్ని. ఆ మాట పైకి అనే ధైర్యం అప్పుడు లేదు గానీ, ఇద్దరికీ తెలుసు.

ఎనభైలలోకి వచ్చాక మగ్గాలకు పని తగ్గింది. సోలాపూర్ నుంచి ఒక సేటు యాకూబ్‌ను రమ్మన్నాడు.

"ఇద్దరికి పనున్నది. ఉండనీకి ఒక అర్ర గూడ ఇస్తడట. అక్కడ మనల అడిగెటోడు లేడు. వస్తవా?" అన్నాడు.

"అమ్మనడిగి చెప్త" అన్నాను, ముప్పైకి దగ్గర పడ్డవాణ్ని.

"ఇది అమ్మనడిగేదా రాజీ?"

నేను అమ్మనూ అడగలేదు, ఆయనకూ చెప్పలేదు. రేపు, ఎల్లుండి అంటూ నెట్టుకొచ్చాను. ఆయన రైలెక్కాడు.

ఆయన చోట్లో వేరే నేతగాడు కూర్చున్నాడు. మూరెడు నేసేసరికి నా వైపు పోగులు దిగక ఎత్తుగా లేచి జంపఖానా వంకర పోయింది. నేను వాణ్ని తిట్టడం మొదలుపెట్టాను. నాన్న వచ్చి చూశాడు.

"వాన్నెందుకు తిడ్తాన్నవ్? నీ దెబ్బల బలమేది? ఇన్నేండ్లు యాకూబ్ నీకు సరిపోను తన చెయ్యి వదులు జేసుకున్నడు బిడ్డా. నేతంత పలచన వడ్డది. నేను జూస్తనే ఉన్న."

గట్టి నేతగాడన్న పేరు పోగొట్టుకుని మరీ నా పక్కన కూర్చున్నాడన్నమాట.

భుజం పడిపోయేలా పంజా కొట్టి గట్టి నేత నేర్చుకున్నాను. పెళ్లి చేసుకోనని అమ్మకు ముఖం మీదే చెప్పాను. అన్నీ చక్కబెట్టుకుని సోలాపూర్ వెళ్లేసరికి రెండేళ్లయింది. యాకూబ్ కాయలు కాసిన నా అరచేయి తడిమి చూశాడు. "పెద్దోనివైనవ్ రాజీ. జర ఆలస్యం జేసినవ్" అన్నాడు. పలక మీదా, అర్రలోనూ ఆయన పక్కన ఇంకొకాయన ఉన్నాడు. ఆయనే లేచి నాకు చాయ్ పోశాడు. మంచివాడు. తాగి వచ్చేశాను.

అప్పటినుంచి ఎవరేమడిగినా రేపు చెప్తాననను. అవునో కాదో అక్కడే చెప్పేస్తాను. మా వాడలో అందరూ దాన్ని నా పెద్దరికం అనుకుంటారు. సోలాపూర్ దాకా పోయి కూడా, వస్తవా అని ఆయన అడిగినదానికి జవాబు చెప్పకుండానే తిరిగొచ్చానని వాళ్లకేం తెలుసు.