లైన్‌లో ఉండండి సార్

మా బావ చెయ్యి పడితే చచ్చిన టీవీ కూడా లేచి పాట పాడుతుందని మహబూబ్‌నగర్‌లో మా గల్లీవాళ్ళు అనేవారు. బావ అంటే మా ఆయన అన్న. బస్టాండు వెనక సందులో ఆయనకు రిపేరు దుకాణం ఉండేది. తెలంగాణ వచ్చిన కొత్తలో, గోడకు తగిలించే సన్నటి టీవీలు ఇంటింటికీ చేరాక, డబ్బా టీవీలను బాగుచేయించుకోవడం జనం మానేశారు. "రేపొచ్చి తీస్కపోత" అని దుకాణంలో పెట్టి వెళ్ళినవాళ్ళు మళ్ళీ ఆ సందులోకి తొంగిచూడలేదు. అది చాలదన్నట్టు, ఊళ్ళో ఒక కంప్యూటర్ శిక్షణ కేంద్రం మూతపడుతుంటే బావ అక్కడి సామానంతా గుత్తకు కొనేశాడు. కొన్ని బాగుచేసి అమ్ముతానన్నాడు. కానీ అప్పటికి ఆ కంప్యూటర్లను ఉచితంగా ఇచ్చినా పట్టుకెళ్ళేవాళ్ళు లేరు.

దుకాణం నిండిపోయాక సామాను మా ఇంటికి రావడం మొదలుపెట్టింది. మెట్ల కింద మానిటర్లు, మంచాల కింద సీపీయూలు, బియ్యం డబ్బా పక్కన కీబోర్డుల కట్టలు. అత్తమ్మ రెండు సీపీయూలను ఒకదాని మీద ఒకటి పెట్టుకుని, పైన బొంత మడతేసుకుని, దర్జాగా కూర్చుని చిక్కుడుకాయలు ఒలిచేది. "పీటకంటె గిదే నయం, నడుము నొస్తలేదు" అనేది. మిగిలినవాళ్ళం మాత్రం అడ్డదిడ్డంగా నడిచి మోకాళ్ళు కొట్టించుకునేవాళ్ళం.

గల్లీలో తిరిగే పాత సామాన్లవాడు తుక్కు ఇనుము కంటే తక్కువకు అడిగాడు. హైదరాబాదులో సర్కారు పర్మిషన్‌తో ఇలాంటి సామాను కొనే కంపెనీలున్నాయని మా ఆయన ఎక్కడో విని, ఇంటర్‌నెట్‌లో వెతికి కొన్ని ఫోన్ నంబర్లు పట్టాడు. బావ ఫోన్ చేశాడు.

బావ చేతులకు ఎంత ఓపికో నోటికి అంత తొందర. "హలో. పాత కంపీటర్లున్నయి. కావాల్నా, వద్దా?" అదీ ఆయన పద్ధతి. అవతలివాళ్ళు ఎవరు మాట్లాడేదని అడిగితే "నేనే" అనేవాడు. ఎక్కడినుంచి అంటే "మా ఇంటికాడికెల్లి" అనేవాడు. ఆ తరవాత ఫోన్ కట్టయిన చప్పుడు.

"గట్ల మాట్లాడితె ఎవలు కొంటరు? దొంగ సామాననుకుంటరు," అంది అక్క. అక్క అంటే బావ భార్య, నా ఏరాలు. నాకన్నా పదేళ్ళు పెద్ద. ఏడో తరగతితో చదువు ఆపేసింది గానీ, నోరు మాత్రం ఆగలేదు.

"అయితె నువ్వే మాట్లాడు," అని బావ ఫోన్ ఆమె ఒళ్ళో పడేసి బయటికి పోయాడు. కోపం వచ్చిందనుకున్నాం. కాదు, బరువు దిగినవాడిలా ఈలవేసుకుంటూ పోయాడు.

అక్క నావైపు తిరిగింది. "నువ్వు డిగ్రీ చదివినవు గద. ఆఫీసోళ్ళు ఎట్ల మాట్లాడ్తరో ఎరికేనా?"

నేను చదివింది చరిత్ర. రాజుల మధ్య సంధి ఒప్పందాల గురించి అడిగితే చెప్పగలను. అయినా తెలుసన్నట్టు తలూపాను.

మా ఇంట్లో ఫోన్ మాట్లాడడానికి చోటు లేదు. కింద కుక్కరు, గల్లీలో పిల్లలు, పక్కింట్లో పిండిగిర్ని. అందుకని మేడ మీద రేకుల గదిని ఆఫీసు చేశాం. శిక్షణ కేంద్రం సామానుతో వచ్చిన గుండ్రంగా తిరిగే కుర్చీలు రెండు అక్కడే ఉన్నాయి. కూర్చోగానే అక్క కాలితో నేలను ఒక్క తన్ను తన్నింది. కుర్చీ గిర్రున తిరిగింది. నేనూ తిరిగాను. ఆఫీసు తెరిచిన మొదటిపూట మేం చేసిన పని అదే. చివరికి కళ్ళు తిరిగి, ఇద్దరం గోడ పట్టుకుని నిలబడ్డాం.

ఇక గొంతు సంగతి. ఆఫీసు గొంతంటే ఎలా ఉండాలి? అక్క పుట్టిల్లు ఆలేరు, ఇల్లు రైల్వే స్టేషనుకు దగ్గర. ఆమెకు తెలిసిన గొప్ప గొంతు, స్టేషన్లో రైళ్ళ రాకపోకలు చెప్పే ఆడగొంతు ఒక్కటే. చిన్నప్పటి నుంచి విని విని ఆ గొంతును అచ్చంగా దించేది. ముక్కు కాస్త బిగించి, ఒక్కో మాటనూ విడివిడిగా, మధ్యలో ఊపిరి లేనట్టు పలికేది. "దయచేసి వినండి. మహబూబ్‌నగర్ నుండి బయలుదేరవలసిన, పాత, కంప్యూటర్లు, మొదటి నంబరు ప్లాట్‌ఫారం పైన, సిద్ధముగా ఉన్నవి."

నవ్వి నవ్వి నాకు డొక్కలో పట్టేసింది. అయినా ఆలోచిస్తే అందులో ఏదో పెద్దరికం ఉందనిపించింది. కొంచెం ఆ గొంతు, కొంచెం బ్యాంకుల నుంచి ఫోన్ చేసే అమ్మాయిల గొంతు కలిపి ఒక గొంతు తయారుచేశాం. మా ఇంటిపేరు వెనక ఎంటర్‌ప్రైజెస్ అని తగిలించాం. అది చాలా నచ్చి, అక్క కిందికి పోయి అత్తమ్మకు కూడా చెప్పి వచ్చింది.

మొదటి ఫోన్, అక్కకూ వినబడేలా స్పీకరు పెట్టి, నేను చేశాను. "గుడ్ మార్నింగ్ సార్, మేము మహబూబ్‌నగర్ నుంచి..."

"లోన్ వద్దమ్మా," అని పెట్టేశాడు.

రెండో చోట ఇంకా మర్యాదగా మొదలుపెట్టాను. ఆయన నా మాట పూర్తికానివ్వలేదు. "క్రెడిట్ కార్డు ఉందండి, ఇంకొకటి అక్కర్లేదు." మూడో చోట ఒకామె మాత్రం ఓపిగ్గా అంతా విని, తన పేరు ఆ జాబితాలోంచి తీసెయ్యమని బతిమాలింది. ఆమె పేరేమిటో కూడా నాకు తెలియదు. సరేనండీ, తీసేస్తామని మాటిచ్చాను.

అక్క నేలమీద కూర్చుని కొంగుతో కళ్ళు తుడుచుకుంటోంది. "మీ బావ మాట్లాడితె దొంగలనుకునిరి. మనం మాట్లాడితె బ్యాంకనుకుంటున్నరు. జర నడిమిట్ల ఉండాలె పిల్లా."

అప్పుడే ఆమెకు ఇంకో ఆలోచన వచ్చింది. పెద్ద ఆఫీసుల్లో ఫోన్ ఎత్తినవాళ్ళే అంతా మాట్లాడరట. "లైన్‌లో ఉండండి" అంటారట, ఏదో పాట వస్తుందట, తరవాత ఇంకొకరు మాట్లాడతారట. అదీ దర్జా అంటే. పాట కోసం సామానులో వెతికితే, బ్యాటరీతో మోగే పాత కాలింగ్ బెల్లు ఒకటి దొరికింది. నొక్కితే అందులోంచి పిచ్చుకలూ చిలకలూ ఒక్కసారే అరిచినట్టు మోగింది. అక్క దాన్ని ఒళ్ళో పెట్టుకుని, తాను మేనేజరునని చెప్పేసింది.

నాలుగో ఫోన్ ఎత్తినాయన గొంతు బావిలోంచి వచ్చినట్టు గంభీరంగా ఉంది.

"నమస్కారం సార్. మహబూబ్‌నగర్ నుంచి మాట్లాడుతున్నాం. మా దగ్గర పాత ఎలక్ట్రానిక్ సామాను పెద్ద మొత్తంలో ఉంది. మీ కొనుగోలు విభాగానికి కలుపుతారా?"

"కొనుగోలు విభాగమే మాట్లాడుతోంది," అన్నాడు. "సరుకేమిటి?"

టీవీలు, మానిటర్లు, సీపీయూలు అని చెప్పాను. గొంతు వణకలేదు. నా మీద నాకే గౌరవం పుట్టింది.

"సీపీయూలలో బోర్డులున్నాయా? తీసేసినవా?"

నాకు తెలియదు. తెలియదని చెప్తే ఆఫీసు కాదు కదా. "ఒక్క నిమిషం లైన్‌లో ఉండండి సార్. మా మేనేజర్ గారికి ఇస్తున్నాను," అని అక్కకు సైగ చేశాను. అక్క బెల్లు నొక్కింది.

పిట్టలు అరవడం మొదలుపెట్టాయి. అవి ఆగాక మేనేజరు మాట్లాడాలి. కానీ అవి ఆగలేదు. మీట లోపలికి పోయి ఇరుక్కుంది. అక్క బెల్లును తట్టింది, ఊపింది, కుర్చీకేసి కొట్టింది. దాన్ని చీరలో చుట్టి దానిమీద కూర్చుంది. ఆమె కిందినుంచి పిట్టలు ఇంకా గట్టిగా అరిచాయి. చివరికి నేను బెల్లు లాక్కుని బ్యాటరీ పీకేశాను. రేకుల గదిలో ఒక్కసారిగా నిశ్శబ్దం.

అక్క జుట్టు సవరించుకుని ఫోన్ అందుకుంది. "నమస్కారము. మేనేజరును, మాట్లాడుచున్నాను."

అవతలినుంచి ఆ గంభీరమైన గొంతు చాలా మర్యాదగా అడిగింది. "మేడమ్, మీ ఆఫీసు అడవిలో ఉందా?"

"లేదు సార్. మహబూబ్‌నగర్‌లో, ఉన్నది."

"మరి గన్ని పిట్టలెందుకున్నయమ్మా?"

అక్క పెదాలు బిగపట్టింది. కొంగు నోట్లో కుక్కుకుంది. ఆమె భుజాలు కదలడం చూసి నేను గోడవైపు తిరిగాను. అదే తప్పయింది. వెనకనుంచి, మూత సరిగ్గా పడని కుక్కరులోంచి ఆవిరి తప్పించుకున్నట్టు ఒక చప్పుడు వచ్చింది. దాంతో నాకూ ఆగలేదు. ఇద్దరం ఒకరినొకరు పట్టుకుని నవ్వుతున్నాం. స్పీకరులోంచి "హలో, హలో" అని వినబడుతోంది. ఫోన్ పెట్టేయాలన్న ఆలోచన కూడా రాలేదు.

ఉన్నట్టుండి ఆ హలోలు ఆగిపోయాయి. ఒక దగ్గు, తరవాత ఇంకో దగ్గు, ఆ తరవాత లారీ స్టార్టయినట్టు ఏదో మోత. అది ఆయన నవ్వని తెలియడానికి మాకు కొంచెం సేపు పట్టింది. ఆయన నవ్వు విని మేం నవ్వాం, మా నవ్వు విని ఆయన నవ్వాడు. ముక్కూమొహం తెలియని ముగ్గురం, ఒక్క మాట లేకుండా, ఊపిరాడక అలా నవ్వుతూనే ఉన్నాం. ఒకరు తగ్గితే ఇంకొకరు అందుకునేవారు.

"ఇగ సాలు తల్లీ, కడుపుల నొస్తాంది," అన్నాడు చివరికి. "మాల్ ముచ్చట చెప్పు."

అక్క తన సొంత గొంతులో చెప్పింది. "బోర్డులు విప్పలేదు సార్, ఉన్నయి ఉన్నట్టే ఉన్నయి. కొన్నిట్ల ఉన్నయో లేవో మా ఆయన్నడిగి చెప్త."

"మీ ఆయనెవరు?"

"మా టెక్నికల్ డిపార్టుమెంటు."

అవతల లారీ మళ్ళీ స్టార్టయింది.

ఫోటోలు పంపమన్నాడు, పంపాం. వచ్చే గురువారం వస్తానన్నాడు. రాత్రి అన్నం దగ్గర ఈ మాట చెప్తే బావ నమ్మలేదు. "నవ్వినోడు ఎన్నడన్న కొన్నడా? ఊకె టైంపాస్ చేసిండు." అక్క మాత్రం గురువారానికని ఇద్దరి చీరలకూ ఇస్త్రీ చేయించింది.

ఆయన చెప్పినట్టే, చెప్పిన వేళకే, సామాను మోసే డీసీఎం బండి వెంటబెట్టుకుని వచ్చాడు. తెల్లచొక్కా, జేబులో రెండు పెన్నులు, నున్నగా దువ్విన తెల్లజుట్టు, నవ్వడం తెలియనట్టుండే ముఖం. ఈయనేనా అనిపించింది. మేమిద్దరం గడప దగ్గర నిటారుగా నిలబడ్డాం. "రండి సార్," అంది అక్క, స్టేషన్ గొంతులో. ఆయన చెప్పులు విడిచి, లోపలికొచ్చి, నాలుగు గోడలూ చూసి, బావను అడిగాడు. "పిట్టలేవి?"

"ఏం పిట్టలు?" అన్నాడు బావ.

మేం వంటింట్లోకి పరుగెత్తాం. అత్తమ్మ మా కళ్ళలో నీళ్ళు చూసి, ఎవరైనా చనిపోయారేమోనని భయపడింది.

మేం మొహాలు కడుక్కుని బయటికొచ్చేసరికి వాళ్ళిద్దరూ మెట్ల దగ్గర గొంతుక్కూర్చుని, ఒక మానిటర్ వెనక మూత విప్పుకుని, ఎప్పటినుంచో తెలిసినవాళ్ళలా మాట్లాడుకుంటున్నారు. ఆయన కూడా ఒకప్పుడు నల్గొండలో రేడియోలు బాగుచేసినవాడేనట. బావ నోట అన్ని మాటలు నేనెప్పుడూ వినలేదు. ధర దగ్గర కూడా గొడవ పడలేదు. సామానంతా బండిలోకి ఎక్కేసరికి పొద్దు వాలింది. వెళ్తూ వెళ్తూ ఆయన అక్కతో అన్నాడు. "అమ్మా, మా దగ్గరికి రోజు మస్తు ఫోన్లొస్తయి. అందరు ఒక్కతీరుగనే మాట్లాడ్తరు. మీ ఫోన్ ముచ్చట మాత్రం ఇంటికి పోయి నా భార్యకు గూడ చెప్పిన. వేరే దుకాణాలల్ల గూడ గిట్లాంటి మాలుంటె జమచెయ్యుండ్రి, నేనొచ్చి తీస్కపోత."

అలా మేం నిజంగానే వ్యాపారస్తులమయ్యాం. మొదట మా ఊరి రిపేరు దుకాణాలు, తరవాత జడ్చర్ల, ఆ తరవాత అక్క తమ్ముడి పరిచయంతో ఆలేరు, మోత్కూరు. ఇప్పుడు ఎంటర్‌ప్రైజెస్ అని ఒక బోర్డు కూడా ఉంది. ఫోన్లు ఎక్కువగా అక్కే చేస్తుంది.

మొన్న మోత్కూరు నుంచి ఆలేరుకు ట్రాలీ ఆటోలో వస్తున్నాం. ముందు డ్రైవరు పక్కన చోటు లేక, పాత వాషింగ్ మెషిన్ల మధ్య, వెనకాల నిలబడ్డాం. ఎదురుగాలికి అక్క కొంగు జెండాలా ఎగురుతోంది. అప్పుడే ఎవరో కొత్తవాళ్ళ ఫోన్ వచ్చింది. అక్క ఒక చేత్తో వాషింగ్ మెషిన్‌ను, ఇంకో చేత్తో ఫోన్‌ను పట్టుకుంది.

"ఆ సార్, ఆఫీసులనే ఉన్న," అంటోంది. "ఫ్యాన్ జర స్పీడు పెట్టుకున్నం, చెప్పుండ్రి."