సంఘంలో చేరిన నాయన

ఈ రోజు పొద్దున రేడియో వార్తల్లో, పనివాళ్లు సంఘం పెట్టుకుంటే యజమాని దాన్ని గుర్తించి తీరాలని కొత్త చట్టం తెస్తారని చెప్పారు. ధర్మవరంలో పట్టుచీరల మగ్గాల షెడ్డు నడిపే నాకు అది విన్నప్పటి నుంచీ కాలూ చేయీ ఆడలేదు. ఎవరినైనా పనిలోంచి తీయాలంటే సంఘాన్ని అడగాలేమో, చీరలు అమ్ముడుపోని నెలలో కూడా మగ్గాలు ఆపకూడదేమో, ఒక్కటీ అర్థం కాలేదు.

మధ్యాహ్నం షెడ్డుకు వెళ్లేసరికి నేతగాడు ఓబులేసు మగ్గంలోంచి లేవకుండానే చెప్పాడు.

"అన్నా, మేమూ సంఘం పెట్టుకున్యాం. రేపు మా పెద్దమనిషి వచ్చి నీతో మాట్లాడతాడు."

"ఎవరప్పా ఆ పెద్దమనిషి?"

పక్క మగ్గం చప్పుడు ఆగింది. అక్కడ నేస్తున్నది మా నాయన. షెడ్డు పెత్తనం నాకు అప్పగించినా మగ్గం మాత్రం వదల్లేదు.

"నేనే," అన్నాడు.

"షెడ్డు నీ పేరు మీదే ఉండాది కదా నాయనా. నువ్వు సంఘంలో ఎట్ల చేరతావు?"

"మగ్గంలో కూర్చునేటోళ్లంతా చేరినారు. నేను యాడ కూర్చున్యానో నీకు కనపడలేదా?" అని మళ్లీ నేత మొదలుపెట్టాడు.

అప్పటి నుంచీ ఆలోచిస్తూనే ఉన్నాను. చట్టం సంగతి ఢిల్లీవాళ్లు చూసుకుంటారు. నాయన ఎదురుగా ఇంతవరకూ నేను కుర్చీలో కూర్చున్నది లేదు. రేపు ఆయన సంఘం తరఫున వచ్చి నిలబడితే నేను లేవాలా, వద్దా? తెలిసినవాళ్లు ఎవరైనా ఉంటే, ఆయన వచ్చేలోగా చెప్పండి.